నాణ్యతకు హద్దు ఎక్కడ?
ఒక స్విస్ పిస్తోలు మనకు చెప్పే కథ

కర్మాగారాలలో పనిచేసే మనకు ఈ వివాదం కొత్తది కాదు. డ్రాయింగులో ఇచ్చిన టాలరెన్సును చూసి టర్నరు "ఇంత బిగువు అవసరమా?" అని అడుగుతాడు. ఇన్‌స్పెక్షను విభాగం అవసరమే అంటుంది. ఖర్చుల పద్దు చూసేవారు "దీని వెల ఎవరు భరించాలి?" అని నిలదీస్తారు. ముగ్గురి మాటలోనూ సత్యం ఉన్నది. అందుకే ఆ చర్చ ఎన్నటికీ ముగియదు.

ఆ వివాదాన్ని ఒక దేశపు సైన్యం, ఒక యంత్ర నిర్మాణ సంస్థ పాతికేళ్ళకు పైగా ఎట్లా ఎదుర్కొన్నాయో తెలిపే ఉదంతం ఒకటి ఉన్నది. అది స్విట్జర్లాండుకు చెందిన సిగ్ పి210 అనే పిస్తోలు చరిత్ర. నడుముకు కట్టుకొని విధినిర్వహణకు వెళ్ళే సైనికుడికీ, గురి పోటీలో నిలబడే క్రీడాకారుడికీ ఒకే ఆయుధం సరిపోతుందా అన్నది ఈ కథలోని ప్రశ్న. మేము యంత్రాల మధ్య పనిచేసేవారం. ఆయుధాల వృత్తి మాది కాదు. కనుక యంత్రాన్ని పరిశీలించే కంటితోనే దీనిని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

రైలు పెట్టెల కర్మాగారం నుండి

స్విట్జర్లాండు ఉత్తర సరిహద్దులో, రైన్ నది జలపాతమై దూకేచోట, నాయ్‌హౌజెన్ అనే ఊరు ఉన్నది. 1853లో అక్కడ ఒక కర్మాగారం వెలసింది. అది స్థాపించబడింది ఆయుధాల కోసం కాదు, రైలు పెట్టెల కోసం. 1860లలో స్విస్ సైన్యానికి 30,000 రైఫిళ్ళు తయారుచేసే ఆర్డరు ఆ సంస్థకు దక్కింది. తరువాత అది 'స్విస్ పారిశ్రామిక సంఘం' అనే అర్థం వచ్చే జర్మన్ పేరు పెట్టుకొన్నది. ఆ పేరులోని మొదటి అక్షరాలే 'సిగ్'. ఆ పేరును నేడు మనలో చాలామంది ఆయుధం మీద కాక, పాలు, పళ్ళరసాలు నింపే అట్టపెట్టెల మీద చూసి ఉండవచ్చు. రైలు పెట్టె, తుపాకి, ప్యాకింగు యంత్రం అనే మూడింటినీ ఒకే సంస్థ చేపట్టిందంటే దాని మూలధనం లోహాన్ని కచ్చితంగా మలచగల పనివాడి చేయి అని గ్రహించవచ్చు.

స్విస్ సైన్యం 1900లోనే లూగర్ పిస్తోలును స్వీకరించింది. ప్రపంచంలో ఆ పిస్తోలును చేపట్టిన మొదటి సైన్యం అదే. లూగర్ గురిలో మేటి. కాని మోకాలు వలె ముడుచుకొని పైకి లేచే దాని కీలు యంత్రాంగాన్ని తయారుచేయడం కష్టం, ఖర్చు కూడా ఎక్కువ. 1929లో దానిని కొంత సరళీకరించినా సమస్య పూర్తిగా తీరలేదు. వారసుడి కోసం అన్వేషణ మొదలయింది.

ఆ రోజులలో షార్ల్ పెటేర్ అనే స్విస్ జాతీయుడు ఫ్రాన్సులోని ఒక యంత్ర నిర్మాణ సంస్థలో ఒక పిస్తోలును రూపొందించాడు. ఫ్రెంచి సైన్యం దానిని 1935-ఎ నమూనాగా చేపట్టింది. సిగ్ సంస్థ 1937లో ఆ పేటెంట్ల వినియోగానికి లైసెన్సు పొందింది. తెచ్చిన దానిని తెచ్చినట్లే తయారుచేయలేదు. యుద్ధకాలమంతా నమూనా వెంట నమూనా చేసి పరీక్షించింది. వాటిలో 16 తూటాలు పట్టేది ఒకటి, 8 తూటాలు పట్టేది ఒకటి ఉన్నాయి. చివరకు 8 తూటాలదే నిలిచింది. 1949లో స్విస్ సైన్యం దానిని 9 మి.మీ. పారాబెల్లం తూటాతో 'పిస్తోలు 49' అనే పేర స్వీకరించింది. పి210 అన్న పేరు 1957లో వచ్చింది. డెన్మార్క్ సైన్యం ఎం/49 పేరుతోనూ, పశ్చిమ జర్మనీ సరిహద్దు రక్షక దళం మరొక నమూనాగానూ దీనిని తీసుకొన్నాయి.

ఒక సైన్యం తన పిస్తోలుకు ఇంతటి గురిని ఎందుకు కోరుకొన్నది? ఆ దేశపు ఆచారంలోనే దీనికి సమాధానం ఉన్నది. అక్కడి సైన్యం ప్రధానంగా పౌరసైన్యం. శిక్షణ ముగిసిన సైనికుడు తన ఆయుధాన్ని ఇంటికి తీసుకువెళతాడు. ఊరూరా గురి సంఘాలు ఉన్నాయి. ఏటా జరిగే ఫెల్డ్‌షీసెన్ అనే గురి ఉత్సవంలో వేలాదిమంది పాల్గొంటారు. విధినిర్వహణలో నడుముకు ఉండే పిస్తోలే ఆదివారంనాడు పోటీలో చేతికి వస్తుంది. కనుక అది రెండు పనులకూ తగి ఉండాలని వారు కోరుకోవడంలో వింత లేదు.

లోపలి పనితనం

ఈ పిస్తోలు పనిచేసే సూత్రం చాలా పిస్తోళ్ళకు ఉమ్మడి అయినదే. తూటా పేలినప్పుడు గొట్టం, దానిని కప్పి ఉండే స్లయిడ్ ఒకదానికొకటి బిగిసి కొద్ది దూరం కలిసి వెనక్కి కదులుతాయి. గుండు గొట్టం దాటి, లోపలి ఒత్తిడి తగ్గగానే గొట్టపు వెనుక భాగం కిందికి వాలి స్లయిడ్‌ను వదిలివేస్తుంది. స్లయిడ్ ఒంటరిగా మరింత వెనక్కి పోయి, ఖాళీ డొల్లను బయటకు విసిరి, స్ప్రింగు బలంతో తిరిగి ముందుకు వస్తూ కొత్త తూటాను గొట్టంలోకి తోస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది.

కచ్చితత్వం ఎక్కడ పుడుతుందో ఇక్కడే చూడాలి. ప్రతి పేలుడుకూ గొట్టం తన స్థానం నుండి కదులుతున్నది. మరుసటి పేలుడుకు అది సరిగా మునుపటి చోటికే తిరిగి రావాలి. వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా గుండు వేరే దారి పడుతుంది. మామూలు పిస్తోళ్ళలో స్లయిడ్ ఫ్రేమును బయటి వైపునుండి పట్టుకొని జారుతుంది. పి210లో ఇందుకు విరుద్ధం. ఫ్రేములోని పట్టాల లోపలి వైపున స్లయిడ్ నడుస్తుంది. ఆ పట్టాలు దాదాపు ఫ్రేము పొడవునా ఉంటాయి. లేత్ బెడ్డు మీద క్యారేజి ఎంత పొడవున ఆనుకొంటే అంత నిలకడగా నడుస్తుందని మన మెషిన్ షాపువారికి వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడి సూత్రమూ అదే.

మరొక విశేషం: హ్యామరు, దాని స్ప్రింగు, దానిని పట్టి ఉంచే కొక్కెం అన్నీ ఒకే దిమ్మగా కూర్చబడి ఉంటాయి. ఆ దిమ్మను ఊడదీసి శుభ్రపరచి మళ్ళీ అమర్చవచ్చు. ఫ్రేమూ, స్లయిడూ ఉక్కు దిమ్మల నుండి మిల్లింగు చేసి తీసినవి. ఏ స్లయిడ్‌కు ఏ ఫ్రేము అన్నది చేతితో సరిచూసి జతపరచేవారు. మన ఫిట్టర్లు 'చేతి అమరిక' అని గౌరవంగా చెప్పుకొనే పని అది.

గురిని కొలవడం ఎట్లా?

కళాశాల రోజులలో ఎన్.సి.సి. శిబిరాలలో రైఫిలు కాల్చినవారికి 'గ్రూపింగు' అనే మాట గుర్తుండే ఉంటుంది. ఒకే గురితో కాల్చిన గుండ్లు కాగితం మీద ఎంత దగ్గరగా పడ్డాయన్నదే దాని అర్థం. ఆయుధపు శక్తిని కొలవాలంటే మనిషి చేతి వణుకును లెక్కలోనుండి తీసివేయాలి. అందుకని పిస్తోలును యంత్రపు బిగింపులో పెట్టి కాలుస్తారు. పి210ను 50 మీటర్ల దూరంలో ఇట్లా పరీక్షించి, ఆ రంధ్రాలు పడిన కాగితాన్ని పిస్తోలుతోపాటు కొనుగోలుదారుకు ఇచ్చేవారు. తన పనికి తానే సాక్ష్యపత్రం జతచేయడం వంటిది ఇది. అటువంటి కాగితం పంపగల ధైర్యం ఏ సంస్థకైనా గర్వకారణమే.

అయితే పిస్తోలును మనిషి చేతికి ఇచ్చినప్పుడు లెక్క మారుతుంది. పిస్తోలు మీద వెనుక ఒక గంటు, ముందు ఒక కొన ఉంటాయి. ఈ రెంటినీ లక్ష్యంతో కలిపి చూడడమే గురి. వాటి మధ్య దూరం 16 సెంటీమీటర్లు అనుకొందాము. కాల్చేవాడు ముందరి కొనను ఉండవలసిన చోటికన్న 1 మిల్లీమీటరు పక్కకు పట్టాడు. 25 మీటర్ల దూరాన గుండు దాదాపు 156 మిల్లీమీటర్లు పక్కకు పడుతుంది. అంతర్జాతీయ పోటీలలో వాడే 25 మీటర్ల నిదాన గురి కాగితం మీద పది మార్కుల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ ఒక్క మిల్లీమీటరు పొరపాటుకు పది రావలసినచోట నాలుగు వస్తుంది. పది మార్కులు దక్కాలంటే పొరపాటు మిల్లీమీటరులో అయిదో వంతుకు మించరాదు. యంత్రం మీద డయల్ గేజితో పట్టుకొనే కొలతను క్రీడాకారుడు చాచిన ఒక్క చేతితో, నిలబడి, ఊపిరి బిగబట్టి పట్టుకోవాలన్న మాట.

ఇక ట్రిగ్గర్ సంగతి. ఎంత చక్కగా గురి చూసినా, ట్రిగ్గర్ నొక్కేటప్పుడు గరుకుగా తగిలితే చేయి కదులుతుంది. పి210కి పేరు తెచ్చిన గుణాలలో దాని ట్రిగ్గర్ మృదుత్వం ఒకటి. మంచి బిగువుతో నడిచే పట్టాలు, నునుపైన ట్రిగ్గర్, చేతిలో ఇమిడే పిడి కలవడం వల్ల దశాబ్దాలపాటు గురిపోటీల వారు దీనిని వెదికి కొనుక్కొన్నారు. వారి కోసం సవరించుకోగల సైట్లతో ఒక నమూనా, 150 మి.మీ. పొడవు గొట్టంతో మరొక నమూనా కూడా వచ్చాయి. సైన్యపు నమూనాలో గొట్టం పొడవు 120 మి.మీ.

నడుముకు కట్టుకొన్నప్పుడు

ఇంతవరకు చూసినదంతా పొగడ్తే. మూల్యాంకనమంటే పొగడ్త ఒక్కటే కాదు. అదే పిస్తోలును ఒరలో పెట్టుకొని ఎండలో, వానలో, రాత్రి కాపలాలో తిరగవలసినవాడి కోణం నుండి చూస్తే జాబితా వేరుగా ఉంటుంది.

మొదటిది బరువు. ఖాళీగా ఉన్నప్పుడే ఇది కిలోగ్రాముకు కొంచెం తక్కువ తూగుతుంది. పోటీలో ఈ బరువు వరం. చేతిని నిలకడగా ఉంచి, పేలుడు అదురును తగ్గిస్తుంది. పన్నెండు గంటల విధిలో నడుముకు అదే భారం.

రెండవది తూటాల సంఖ్య. ఒకే వరుసలో 8 తూటాలు మాత్రమే పట్టే అర. దీనివల్ల పిడి సన్నగా ఉండి చేతికి హాయి. కాని 1935 నాటి బెల్జియం బ్రౌనింగు పిస్తోలే 13 తూటాలు పట్టేది.

మూడవది అర మార్చే తీరు. ఖాళీ అయిన అరను విడిపించే కొక్కెం పిడి అడుగున ఉంటుంది. దానిని రెండవ చేతితోనే తీయాలి. అర పొరపాటున జారి పడిపోదు, నిజమే. కాని ఆపదలో తొందరగా మార్చడం కష్టం.

నాలుగవది సేఫ్టీ లివరు. అది ట్రిగ్గరుకు వెనుకగా, ఎడమ వైపున ఉంటుంది. బొటనవ్రేలు పొట్టిగా ఉన్నవారికి పట్టు సడలించనిదే అందదు, పైగా బిగువు ఎక్కువ. ఈ పిస్తోలులో మొదటి తూటాకు కూడా హ్యామరు ముందే వెనక్కి లాగి ఉండాలి. కనుక సిద్ధంగా మోయాలంటే సేఫ్టీ మీదనే పూర్తిగా ఆధారపడాలి, లేదా అవసరపడినప్పుడు హ్యామరును వేలితో లాగాలి. మోసేవాడికి ఇది చిన్న విషయం కాదు.

అయిదవ దానిని వాడుకరులు నవ్వుతూ చెప్పుకొంటారు. పెద్ద చేతులవారికి స్లయిడ్ వెనక్కి వచ్చినప్పుడల్లా హ్యామరు బొటనవ్రేలి మొదటి కండను కొరుకుతుంది.

మరి అంత బిగువైన అమరిక దుమ్ములో, చలిలో పట్టుకుపోదా అన్న అనుమానం సహజం. డెన్మార్క్ సైన్యం అనుభవం ఆ అనుమానానికి జవాబు. వారు 2018లో కొత్త పిస్తోలును ఎంపిక చేసేవరకు, దాదాపు 70 ఏళ్ళు, ఇదే పిస్తోలు వారి ప్రామాణిక ఆయుధంగా ఉన్నది. బిగువుగా చేసినది నలిగిపోవలసిన పని లేదు. వేళకు శుభ్రపరచి నూనె వేసే క్రమశిక్షణ ఉండాలి, అంతే. మన బేరింగుల విషయంలోనూ మెయింటెనెన్సు విభాగం చెప్పే మాట ఇదే కదా!

1975లో వచ్చిన తీర్పు

ఇంత మేలైన పిస్తోలును స్విస్ సైన్యం 1975లో పక్కన పెట్టి, పి220 అనే కొత్త దానిని స్వీకరించింది. చేసినది కూడా అదే సిగ్ సంస్థ, జర్మనీలోని జావర్ సంస్థతో కలిసి. కారణాలు పరిశీలిస్తే మనకు ఎంతో నేర్చుకోదగినది ఉన్నది.

కొత్త పిస్తోలు స్లయిడ్‌ను ఉక్కు దిమ్మ నుండి తొలిచి తీయలేదు. మందపాటి ఉక్కు రేకును అచ్చు చుట్టూ వంచి రూపమిచ్చి, పేలుడు బలాన్ని భరించే భాగాన్ని విడిగా చేసి లోపల బిగించారు. ఫ్రేము తేలికైన అల్యూమినియం మిశ్రలోహంతో చేశారు. యంత్రపు గంటలు తగ్గాయి, లోహపు వృథా తగ్గింది, చేతి అమరిక తగ్గింది. మోసేవాడికి కూడా మేలు జరిగింది. హ్యామరును భద్రంగా కిందికి దించే లివరు వచ్చింది. హ్యామరు కిందికి ఉండగానే ట్రిగ్గరు లాగి మొదటి తూటా కాల్చే వీలు కలిగింది. బరువు తగ్గింది.

కాగితం మీద రంధ్రాల దగ్గరతనంలో పి210 పేరును పి220 చెరపలేదు. అయినా సైన్యానికి అది సరిపోయింది. ఆ లెక్క మనమే వేసి చూడవచ్చును. ఇంతకు ముందు చెప్పిన 1 మిల్లీమీటరు పొరపాటే 7 మీటర్ల దూరంలో అయితే గుండును దాదాపు 44 మిల్లీమీటర్లు మాత్రమే పక్కకు తీసుకుపోతుంది. ఆత్మరక్షణలో పిస్తోలు పని పడేది సాధారణంగా ఇటువంటి దగ్గర దూరాలలోనే. అక్కడ 50 మీటర్ల కాగితం మీది సూక్ష్మత కన్న, చీకటిలో తడుముకోకుండా పనిచేసే లివరు, ప్రతిసారీ పేలే నమ్మకం, పొరపాటున పేలకుండా ఉండే భద్రత ముఖ్యం.

దీనిని నాణ్యత ఓడిపోయిన కథగా చదవరాదు. పి210 తయారీ ఆగిపోలేదు. క్రీడాకారులు, సేకర్తలు దానికి తగిన వెల చెల్లిస్తూనే వచ్చారు. 2010లలో మొదట జర్మనీలోనూ, 2017లో అమెరికాలోనూ కొత్త నమూనాలు వెలువడ్డాయి. అమెరికా నమూనాలో అర విడిపించే బొత్తాం ట్రిగ్గరు దగ్గరకు వచ్చింది. సేఫ్టీ లివరు బొటనవ్రేలికి అందే చోటికి చేరింది. చేతిని కొరికే దోషం కూడా సవరించబడింది. 2022లో తేలిక లోహపు ఫ్రేముతో, కొంత పొట్టి గొట్టంతో, మోయడానికే ఉద్దేశించిన నమూనా వచ్చింది. మోసేవాడి ఫిర్యాదులలో చాలావాటిని తీర్చడానికి డెబ్బయి ఏళ్ళు పట్టిందన్న మాట.

మన పరిస్థితులలో

మన దేశంలో 1959 ఆయుధ చట్టం కింద 9 మి.మీ. పిస్తోళ్ళు నిషిద్ధ బోరు వర్గానికి చెందుతాయి. సామాన్య పౌరులకు అవి అందుబాటులో ఉండవు. సైన్యం, పోలీసు, కేంద్ర బలగాలకే పరిమితం. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయిన 9 మి.మీ. పిస్తోలు పైన చెప్పిన 13 తూటాల బ్రౌనింగు వంశానికి చెందినదే. అది గురిపోటీల కోసం పుట్టినది కాదు. విధినిర్వహణ కోసం చేసినది.

మనవంటి సంస్థల గేట్ల దగ్గర రేయింబవళ్ళు నిలిచే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం 1968 నాటి చట్టం ద్వారా ఏర్పడింది. రాత్రి షిఫ్టుకు పోతూ మనం పలకరించే ఆ జవానుకు ఏది కావాలో ఈ కథ చదివినవారు ఊహించగలరు. అతడికి కావలసినది పదికి పది మార్కులు కాదు. ఏడాదికి ఒక్కసారి అవసరపడినా తప్పక పనిచేసే, మిగిలిన దినాలన్నీ ఎవరికీ హాని చేయని ఆయుధం.

ఇక గురినే సాధన చేయదలచిన మన పిల్లలకు మార్గం వేరు. అది గాలి పిస్తోలుతో, 10 మీటర్ల దూరంలో, శిక్షకుడి పర్యవేక్షణలో మొదలవుతుంది. 1994 హిరోషిమా ఆసియా క్రీడలలో 25 మీటర్ల సెంటర్‌ఫైర్ పిస్తోలులో జస్పాల్ రాణా స్వర్ణం గెలిచాడు. 2024 పారిస్ ఒలింపిక్సులో రెండు కాంస్యాలు సాధించిన మను భాకర్‌కు శిక్షకుడు ఆయనే. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు జట్టు స్వర్ణంలో భాగస్వామి. ఈ పోటీలో నియమం ప్రకారం ట్రిగ్గరు కనీసం 1000 గ్రాముల బలానికి నిలవాలి. దానికన్న తేలికైనది క్రీడలోనే పనికిరాదంటే, ఒరలో మోసే ఆయుధానికి ట్రిగ్గరు మరింత గట్టిగా ఎందుకుండాలో తెలుస్తుంది.

మన కుటుంబాలలో భద్రతా విధులలో ఉన్నవారు, లైసెన్సు కలిగినవారు కొందరు ఉండవచ్చు. వారికి ఒక విన్నపం. ఇంట్లో ఆయుధం ఖాళీగా, తాళం వేసి ఉండాలి. తూటాలు వేరేచోట, వేరే తాళం కింద ఉండాలి. అరను తీసివేసినంత మాత్రాన పిస్తోలు ఖాళీ అయినట్లు కాదు. గొట్టంలో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. స్లయిడ్‌ను లాగి కంటితో చూసి, వేలితో తడిమి చూసుకొన్నాకనే ఖాళీ అనుకోవాలి. మన ఇళ్ళలో పిల్లల చేతికి అందని ఎత్తు అంటూ లేదు. తాళం ఒక్కటే నమ్మదగినది.

ముగింపు

మొదట అడిగిన ప్రశ్నకు తిరిగి వద్దాము. ఇంత బిగువు అవసరమా? నాయ్‌హౌజెన్ పనివారు రెండుసార్లు జవాబిచ్చారు. 1949లో "అవసరమే" అన్నారు, 1975లో "ఈ పనికి అక్కరలేదు" అన్నారు. రెండు జవాబులూ సరయినవే. మొదటి దాని వెనుక గురిని ప్రేమించే జాతి కోరిక ఉన్నది. రెండవదాని వెనుక మోసేవాడి అవసరమూ, ప్రజాధనపు లెక్కా ఉన్నాయి. ఈ రెండింటిలో ఏది ముందు అన్నది పనిని బట్టి నిర్ణయించాలి, పేరును బట్టి కాదు.

ఇకమీదట డ్రాయింగు చేతికి వచ్చినప్పుడు, "ఎంత బిగువు?" అని అడిగే ముందు "ఎవరి చేతికి, ఏ పనికి?" అని అడుగుదాము. ఆ జవాబు తెలిసినచోట అవసరమైన మైక్రాను మనకు భారమనిపించదు. అక్కరలేని మైక్రానును వదులుకోవడానికి సిగ్గుపడనవసరమూ ఉండదు.